నూనెమ్మ కాదు, మునియమ్మ

(తిరుపతిలో ఒక వీధి గ్రంథాలయం మేడమీద ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. రాలేకపోయిన వాళ్ళ కోసం రికార్డు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న వాళ్ళకు వినిపిస్తోందా? సరిగ్గా వినిపించడం లేదా? మంచిది. ఆ ఫ్యాను కట్టేయమంటారా? వద్దు వద్దు, తిరగనీ. గాలి కోసం కాదు, నాకు ఆ చప్పుడుతో పని ఉంది.

ముందుగా ఒక చిన్న పని చేద్దాం. చివరి రెండు వరసల వాళ్ళు ఒక కాగితం ముక్క తీసుకోండి. నేను మైకు పక్కన పెట్టి, గోడవైపు తిరిగి మూడు ఇంగ్లీషు అక్షరాలు చెప్తాను. విన్నది విన్నట్టు రాయండి. పక్కవాళ్ళది చూడొద్దు. సార్, మీకే చెప్తున్నా, చూడొద్దు.

అయిపోయింది. మీరేం రాశారన్నా? బి, టి, ఎం. మీరమ్మా? డి, పి, ఎన్. ఆ మూల టీచరు గారు? వి, డి, ఎం. నేను చెప్పింది డి, టి, ఎన్. మూడూ సరిగ్గా రాసినవాళ్ళు ఒక్కరూ లేరు. నవ్వకండి, మీ చెవుల్లో లోపం ఏమీ లేదు. నా నోట్లోనూ లేదు. లోపమంతా ఆ అక్షరాల పేర్లలో ఉంది. బి, సి, డి, ఇ, జి, పి, టి, వి. వరసగా అని చూడండి. అన్నింటి తోకా ఒకటే. తల దగ్గర ఒక్క చిన్న శబ్దం తేడా. ఆ తల కాస్తా ఫ్యాను చప్పుడులో పోతే మీకు మిగిలేది తోక. తోక పట్టుకుని ఇది ఆవా, గేదా అంటే ఎట్లా చెప్పేది?

నేను ఎయిర్‌ఫోర్స్‌లో వైర్‌లెస్ ఆపరేటరుగా పనిచేశాను. అక్కడ మొదటి నెలలోనే మాకు నూరిపోసిన పాఠం ఇదే. ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి ఒక్కో మాట. ఎ అంటే ఆల్ఫా, బి అంటే బ్రావో, సి అంటే చార్లీ, డి అంటే డెల్టా. నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. ఉద్యోగం అయిపోయింది, ఇంటికొచ్చేశాను, ఇక ఆ గోల మనకెందుకులే అనుకున్నాను. అట్లా అనుకున్నందుకు మా అమ్మ చేత తిట్లు తిన్నాను. ఆ కథ చెప్తాను.

మా అమ్మ పేరు మునియమ్మ. చిత్తూరు జిల్లాలో ఈ పేరు ఎంతమందికి ఉందో మీకు చెప్పక్కర్లేదు. ఈ హాల్లోనే ఇద్దరు ముగ్గురు ఉంటారు. అమ్మను హైదరాబాదులో మా చెల్లెలింటికి విమానంలో పంపుదామనుకున్నా. ఆమెకు అదే మొదటిసారి. ఒక ఏజెంటుకు ఫోన్ చేసి పేరు అక్షరం అక్షరం చెప్పాను. ఎం, యు, ఎన్, ఐ, ఎ, ఎం, ఎం, ఎ. అతనూ "ఓకే సార్, ఓకే సార్" అన్నాడు. టికెట్ వాట్సాప్‌లో వచ్చింది. నేను తేదీ చూశాను, టైము చూశాను. పేరు చూడలేదు. ఎవరు చూస్తారండీ, అమ్మ పేరే కదా!

రేణిగుంట ఎయిర్‌పోర్టు గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి ఆధార్ కార్డు చూస్తాడు, టికెట్ చూస్తాడు, మళ్ళీ ఆధార్ చూస్తాడు. "సార్, ఇందులో నునియమ్మ అని ఉంది" అన్నాడు. మొదటి ఎం కాస్తా ఎన్ అయి కూర్చుంది. ఏజెంటుకు ఫోన్ చేస్తే ఎత్తడు. కౌంటరు దగ్గర బతిమాలాను, నా పాత ఐడీ కార్డు చూపించాను. లాభం లేకపోయింది. విమానం వెళ్ళిపోయింది. అమ్మ ఒక పక్కన సంచి మీద చెయ్యేసుకుని కూర్చుని అంతా విని, అప్పుడు అడిగింది. "ఏమిరా అబ్బోడా, నన్ను నూనెమ్మ అన్నారంటనే? నేనేమన్నా గానుగ పెట్టినానా?" ఆ రాత్రికి బస్సెక్కించాను. బస్సు కదిలేముందు కిటికీలోంచి ఇంకో మాట అంది. "పట్టాళంలో అన్నేండ్లు వైర్‌లెస్సులో మాట్లాడినావు, మీయమ్మ పేరు సరింగా చెప్పలేకపోతివి."

నిజమే కదా? ఎక్కడో సరిహద్దులో గాలిదుమారంలో, గరగర శబ్దంలో అక్షరం పొల్లుపోకుండా పంపినవాణ్ణి, తిరుపతిలో ఇంట్లో కూర్చుని పంపలేకపోయాను. ఎందుకంటే అక్కడ గరగర వినిపిస్తుంది కాబట్టి జాగ్రత్తగా ఉంటాం. ఇక్కడ ఫోను చాలా స్పష్టంగా ఉంది అనుకుంటాం. అంత స్పష్టంగా ఏమీ ఉండదండీ.

పాత టెలిఫోను పద్ధతిలో మన గొంతులో 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే అవతలికి పోతుంది. హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కంపనాలో ఆ లెక్క, అది పెరిగేకొద్దీ శబ్దం సన్నబడుతుంది. పైదంతా కత్తిరించేస్తారు. మాట అర్థం కావడానికి అది చాలు. కానీ ఎస్‌కీ ఎఫ్‌కీ తేడా చూపించే 'స్స్', 'ఫ్ఫ్' అనే బుస చాలావరకు ఆ కత్తిరించిన భాగంలోనే ఉంటుంది. అందుకే ఫోనులో ఎస్ అంటే ఎఫ్ అని రాసుకుంటారు. ఇప్పుడు 4జీ కాల్స్‌లో దాదాపు 7000 హెర్ట్జ్ దాకా పోతోంది, మెరుగే. కానీ అవతల కాల్ సెంటరు హెడ్‌ఫోన్, ఇవతల ఆటో హారన్లు. లీలామహల్ సర్కిల్లో నిలబడి ఫోను మాట్లాడి చూడండి, తెలుస్తుంది.

ఇంకో చిక్కుంది. "వస్తున్నా" అనే మాటలో ఒక శబ్దం పోయినా చెవి దాన్ని పూరించేస్తుంది, ఎందుకంటే ఆ మాట మనకు ముందే తెలుసు. పేరుకు, నంబరుకు అట్లా పూరించడానికి ఏమీ లేదు. చెవి ఊరుకోదు, ఏదో ఒకటి పెట్టేస్తుంది. తప్పు పెట్టానని దానికి తెలియదు. అసలు ప్రమాదం అక్కడుంది. వినపడకపోతే మళ్ళీ అడుగుతారు. తప్పుగా వినపడితే ఎవరూ అడగరు.

సరే, ఈ ఆల్ఫా, బ్రావోలు ఎక్కడివి? చాలామంది ఇది మిలిటరీ వాళ్ళ రహస్య భాష అనుకుంటారు. రహస్యం ఏమీ లేదు, అందరికీ అర్థం కావాలనే పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సిగ్నల్ సైనికులు ఎ అనడానికి 'ఆక్' అనేవాళ్ళు, ఎం అనడానికి 'ఎమ్మా' అనేవాళ్ళు. పొద్దున ఎ.ఎం. అనాలంటే "ఆక్ ఎమ్మా". రెండో యుద్ధం నాటికి ఏబుల్, బేకర్ వచ్చాయి. అప్పట్లో ఆర్ అంటే రోజర్. సందేశం అందింది అనే ఇంగ్లీషు మాట మొదటి అక్షరం ఆర్ కాబట్టి "రోజర్" అనేవాళ్ళు. ఇప్పుడు ఆర్ అంటే రోమియో, అయినా సినిమాల్లో పోలీసులు ఇంకా "రోజర్ రోజర్" అంటూనే ఉన్నారు. "రోమియో రోమియో" అంటే బాగుండదు మరి.

ఆ పాత మాటలన్నీ ఇంగ్లీషు వాళ్ళ నోటికి తగ్గవి. విమానాలు దేశాలు దాటడం మొదలుపెట్టాక ఫ్రెంచి పైలట్, స్పానిష్ పైలట్ కూడా పలకాలి కదా? అందుకని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, ఐకావో అంటారు, కెనడాలో మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో ఉన్న జీన్ పాల్ వినే అనే భాషాశాస్త్ర ఆచార్యుడితో కలిసి కొత్త మాటల కోసం పనిచేసింది. 1951లో ఒక జాబితా అమల్లోకి వచ్చింది. అందులో సి అంటే కోకా, ఎన్ అంటే నెక్టార్, ఎక్స్ అంటే ఎక్స్‌ట్రా. వాడి చూస్తే ఏమైంది? నెక్టార్ అంటే విక్టర్ అని వినపడుతోంది, డెల్టా అంటే ఎక్స్‌ట్రా అని వినపడుతోంది. మళ్ళీ పరీక్షలు పెట్టారు. 31 దేశాల వాళ్ళ చేత పలికించి, వినిపించి చూశారు. చివరికి మార్చింది ఐదు మాటలే. సి, ఎం, ఎన్, యు, ఎక్స్. చార్లీ, మైక్, నవంబర్, యూనిఫాం, ఎక్స్‌రే వచ్చాయి. 1956 మార్చి 1 నుంచి ఇవే నడుస్తున్నాయి. మన రేణిగుంట ఎయిర్‌పోర్టుకు విమానయానం వాళ్ళ నాలుగక్షరాల కోడ్ ఉంది, వి, ఓ, టి, పి. విక్టర్ ఆస్కర్ టాంగో పాపా. మన దేశపు ప్రతి పౌర విమానం తోక నంబరూ వి, టి తోనే మొదలవుతుంది. విక్టర్ టాంగో.

(ఇక్కడ ఒకరు, కాలేజీలో చెప్పే ఫొనెటిక్స్ ఇదేనా అని అడిగారు.)

కాదు సార్, మంచి ప్రశ్న. అది అంతర్జాతీయ ధ్వని లిపి. 1888లో మొదటిసారి ప్రకటించారు. ఏ భాష ఉచ్చారణనైనా కాగితం మీద గుర్తులతో రాసుకోవడానికి అది. నేను చెప్పేది దానికి తిరగేసింది, కాగితం మీదున్న అక్షరాన్ని నోటితో అవతలికి చేర్చేది. ఇంగ్లీషులో రెండింటినీ ఫొనెటిక్ ఆల్ఫాబెట్ అనే అంటారు, పేరు ఒకటే కావడం వల్ల వచ్చిన తికమక.

ఇప్పుడు మీరంటారు, ఇదంతా తెల్లవాళ్ళ గోల, మనకేం సంబంధం అని. నేను ఒప్పుకోను. అక్షరాన్ని నోటితో క్షేమంగా పంపించడం మనకంటే బాగా ఎవరికి తెలుసు? చిన్నప్పుడు పలక మీద ఎట్లా నేర్చుకున్నాం? కకు గుడి ఇస్తే కి, గుడిదీర్ఘమిస్తే కీ, కొమ్మిస్తే కు. "కి" అని ఊరుకోలేదు. దాన్ని ఎట్లా రాయాలో కూడా నోటితో చెప్పాం. ఇప్పటికీ తెలుగులో పేరు రాయించాలంటే "శంఖంలో శ అండీ, సబ్బులో స కాదు" అంటాం. "బండి ర" అంటే మా తాతకు ఏ అక్షరమో తెలుసు. మీకూ తెలుసు, నవ్వుతున్నారు. ఇది ఆల్ఫా, బ్రావో కాకపోతే మరేమిటి?

ఇంకా పెద్ద ఉదాహరణ కొండమీదే ఉంది. ధర్మగిరి వేదపాఠశాల పిల్లలు ఘనపాఠం చెప్తుంటే విన్నారా? మొదటి పదం, రెండో పదం. రెండు, ఒకటి. ఒకటి, రెండు, మూడు. మూడు, రెండు, ఒకటి. మళ్ళీ ఒకటి, రెండు, మూడు. అర్థం తెలియనివాడికి ఇదేమిటి ఇట్లా ముందుకూ వెనక్కూ తిప్పుతున్నారు అనిపిస్తుంది. ఒక పదం జారినా, ఒక స్వరం మారినా ఎక్కడో ఒకచోట అతకదు, తప్పు బయటపడుతుంది. కాగితం లేకుండా ఇన్ని తరాలు దాటించారంటే ఊరికే కాదు. ఒక్కసారి చెప్పిన మాటను చెవి నమ్మకూడదని వాళ్ళకు తెలుసు. మా వైర్‌లెస్‌లో కూడా అంతే, నువ్వు చెప్పింది అవతలివాడు తిరిగి చదివి వినిపించాలి. లేకపోతే సందేశం చేరినట్టు లెక్కకాదు. నేను ఆ ఏజెంటును "ఏం రాసుకున్నావో చదువు బాబూ" అని ఒక్కమాట అడిగుంటే మా అమ్మ విమానం ఎక్కేది.

సరే, ఇక మాటల్లోకి వద్దాం. 26 మాటలు. భయపడకండి, సగం మీ ఇంట్లోవే. హోటల్, ఇండియా, కిలో, మైకు, నవంబరు, యూనిఫాం, ఎక్స్‌రే. ఇవి తెలియని తెలుగువాళ్ళు ఎవరు? డెల్టా అంటే కోస్తావాళ్ళది, మనకు లేకపోయినా మాట తెలుసు. చార్లీ అంటే చాప్లిన్. పాపా, రోమియో, జూలియెట్ సరే. మిగతావి ఆల్ఫా, బ్రావో, ఎకో, ఫాక్స్‌ట్రాట్, గోల్ఫ్, లీమా, ఆస్కర్, సియెర్రా, టాంగో, విక్టర్, యాంకీ. ఒక వారం నోట్లో నానితే వచ్చేస్తాయి.

మూడు మాత్రం మన చెవికి ఇబ్బంది పెడతాయి. మొదటిది క్యూ. దానికి పెట్టిన మాట కెనడాలో ఒక రాష్ట్రం పేరు, పలకడం 'కెబెక్' అని. తెలుగువాడు కెబెక్ అని వింటే ఏం రాస్తాడు? ఠక్కున కె రాస్తాడు! ఫోన్లో అవతల మనవాడే ఉంటే నేను క్వీన్ అంటాను. రెండోది జెడ్. జూలూ. మన నోట్లో జెడ్‌కూ జేకూ తేడా ఉండదు కదా. జూలూ అన్నా జీబ్రా అన్నా జే రాసేవాళ్ళు ఉన్నారు. దీనికి నేను "చిట్టచివరి అక్షరం జెడ్" అనేస్తాను. ఏ పుస్తకంలోనూ లేదు, కానీ పనిచేస్తుంది. మూడోది... మూడోది డబ్ల్యూ. విస్కీ.

నవ్వారు కదా? మా వదిన గారికి నేర్పిస్తుంటే చెవులు మూసుకుంది. ఏడుకొండల కింద కూర్చుని ఆ మాట అనమంటావా మరిదీ అంది. నేను చెప్పాను, వదినా, తాగమనలేదు, అక్షరం చెప్పమన్నాను. ఒప్పుకోలేదు. "వాచీ అంటాను" అంది. అదీ మంచి మాటే అనుకున్నాను, కానీ వాచీ అన్నా విక్టర్ అన్నా మనకు మొదట వినపడేది వ అనే శబ్దమే. వాచీ అంటే వి రాసేవాళ్ళు రాస్తారు. విస్కీ ఎట్లా రాస్తారో, సీసా మీద చూశారో ఏమో, చాలామందికి తెలుసు. నేను విస్కీ పక్షమే. మీ ఇష్టం.

ఎవరికి తోచిన మాట వాళ్ళు పెట్టుకోవచ్చు కదా అనే ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. పెట్టుకోవచ్చు. ఎన్ ఫర్ నెల్లూరు బ్రహ్మాండంగా పనిచేస్తుంది, సి ఫర్ చిత్తూరు కూడా. కానీ అప్పటికప్పుడు వెతుక్కుంటే నోటికి ఏదొస్తుందో దేవుడికెరుక. ఒకసారి పాకాల స్టేషన్లో ఒకాయన ఫోన్లో చెప్తున్నాడు, నేను పక్కనే ఉన్నాను. "సి ఫర్ సీత" అన్నాడు. సీత రాసేది ఎస్‌తో కదా నాయనా! ఇంకొకాయన "ఎన్ ఫర్ నైఫ్" అన్నాడు, ఆయన తప్పు కాదు, ఇంగ్లీషు వాళ్ళ తప్పు. కొందరైతే ఊరికే ఆలోచిస్తూ నిలబడిపోతారు. "ఎల్ ఫర్... ఎల్ ఫర్... ఉండండి..." అవతల కాల్ కట్. ముందే ఖాయం చేసుకున్న మాట ఉంటే ఈ టెన్షన్ లేదు.

అక్షరం ముందు, మాట తర్వాత. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఆ విమానం సంగతి తర్వాత మా అమ్మకు ఆమె పేరులో ఉన్న ఎనిమిది అక్షరాలకు మాటలు నేర్పాను. మైకు, యూనిఫాం, నవంబరు, ఇండియా, ఆల్ఫా, మైకు, మైకు, ఆల్ఫా. ఆమెకు ఇంగ్లీషు రాదు, కానీ అన్నమయ్య కీర్తనలు ఎన్ని నోటికొచ్చో! పాటలాగా పట్టేసింది. గ్యాస్ బుకింగ్ కోసం ఎవరో ఫోన్ చేశారు, పేరు అడిగారు. మొదలుపెట్టింది. "మైకు..." అవతలి అమ్మాయి, "వినిపిస్తోందమ్మా, చెప్పండి" అంది. ఈమె మళ్ళీ, "మైకు!" ఆ పిల్ల, "మైకు బాగానే ఉందమ్మా, పేరు చెప్పండి." చివరికి ఈమెకు కోపమొచ్చి ఫోన్ నాకిచ్చేసింది. తప్పు నాదే. అవతలివాళ్ళకు ఈ పద్ధతి తెలియకపోవచ్చు. "ఎం, మైకులో ఎం" అనాలి. "ఎన్, నవంబర్‌లో ఎన్". అప్పుడు తెలిసినవాళ్ళకూ తెలియనివాళ్ళకూ పనిచేస్తుంది.

ఎక్కడ వాడాలి? ఊరికే ప్రతిచోటా వాడితే ఇంట్లోవాళ్ళు పిచ్చనుకుంటారు. తప్పు పోతే డబ్బో, రోజో పోయేచోట వాడండి. పాన్ కార్డు నంబరు. ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, మళ్ళీ ఒక అక్షరం. మామూలు మనుషుల కార్డులో నాలుగో అక్షరం ఎప్పుడూ పి. ఎవరైనా మీ నంబరు తిరిగి చదువుతూ నాలుగోది బి అన్నారంటే అక్కడే ఆపండి. బ్యాంకు ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో పదకొండు గుర్తులుంటాయి. అందులో ఐదోది సున్నా. ఓ కాదు, సున్నా. "ఎస్‌బీఐఎన్ ఓ" అని చదువుతారు, అవతల ఓ కొడతారు, డబ్బు పోదు, పోలేదని మీకు టెన్షన్. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్ళు ఛాసిస్ నంబరు చూడండి, పదిహేడు గుర్తులు, అందులో ఐ, ఓ, క్యూ అనే అక్షరాలే ఉండవు. ఒకటీ, సున్నాలతో కలిసిపోతాయని ముందే తీసేశారు. తెలివంటే అదీ.

మన పల్లెల వాళ్ళకు అన్నింటికంటే ముఖ్యం సర్వే నంబరు. మా బావమరిది పలమనేరు నుంచి ఫోన్ చేసి 'రెండు బి' అన్నాడు, నేను 'రెండు డి' అని రాసుకుని ఈసీ, అంటే భూమి మీద తాకట్టులూ లావాదేవీలూ చూపే పత్రం, తీయించాను. ఎవరిదో భూమి, ఎవరిదో తాకట్టు, అన్నీ అందులో ఉన్నాయి. రెండు రోజులు మా ఇంట్లో నిద్రల్లేవు, మా భూమి మీద అప్పెవరు తెచ్చారని. చివరికి చూస్తే బ్రావోకూ డెల్టాకూ తేడా.

అంకెల సంగతి కూడా చెప్పాలి. తెలుగులో ఇరవై, అరవై. ఫోన్లో చెప్పి చూడండి. ఇంగ్లీషులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ. అందుకే జతలుగా చెప్పొద్దు, ఒక్కొక్క అంకె చెప్పండి. ఆరు, సున్నా. రేడియోలో ఫైవ్, నైన్ కలిసిపోతాయని తొమ్మిదిని 'నైనర్' అంటారు, ఐదును 'ఫైఫ్' అంటారు. ఇంట్లో అంత అవసరం లేదు. డబుల్, ట్రిపుల్ మాత్రం మానేయండి. "డబుల్ ఫైవ్ ఫైవ్" అంటే రెండా, మూడా?

ఒక హెచ్చరిక. ఇంత చక్కగా పలకడం నేర్చుకున్నాం కదా అని ఎవడో ఫోన్ చేసి ఓటీపీ అడిగితే ఒక్కొక్క అంకె స్పష్టంగా చెప్పేయకండి. అక్కడ మాత్రం మీకు ఏమీ వినపడలేదు.

ఇప్పుడు పిల్లలు మీకు ఒక కాగితం ఇస్తారు, 26 మాటలూ ఉన్నాయి. అన్నీ చదవొద్దు. మీ ఆధార్‌లో ఉన్న పేరు, ఇంటిపేరు, వాటిలో వచ్చే అక్షరాలకు మాత్రం గీత గీసుకోండి. ఎవరికీ పది పన్నెండు దాటవు. తర్వాత పక్కన ఉన్నవాళ్ళకు కాదు, రెండు వరసల వెనక ఉన్నవాళ్ళకు మీ పేరు చెప్పండి. వాళ్ళు రాసింది తిరిగి చదవాలి. మీరు "కరెక్ట్" అనేదాకా కాగితం కింద పెట్టడానికి వీల్లేదు.

ముందు వరస అక్కా, మీతో మొదలు. అన్నా, ఆ ఫ్యాను దగ్గర... లేదు లేదు, కట్టేయొద్దన్నా కదా. ఇంకో పాయింటు పెంచండి.